దారం కాడికి నీళ్లు

అట్ల గోడకానుకోని దూలాలు లెక్కబెట్టుకుంటా కూసుంటే ఏమొస్తుంది లేవీ? నిన్న పొద్దుగూకేయాలకు రైలు దిగి ఇంట్లోకొచ్చినోడివి, ఇప్పుడు పొద్దు నెత్తిమీదికొచ్చె. ఒక్క మాటన్నా మాట్లాడినావా? ఆ చెక్కపెట్టెల మూతలు తీసి, "ఎవురమ్మా ఈ సీసాలు తెరిచింది?" అని ఒకటడిగితివి. నేనే అంటిని. అంతే, నోటికి బీగమేసుకుంటివి.

తిట్టరాదూ! నాలుగు మాటలనరాదూ! మీ నాయినైతే ఈపాటికి చెంబు తీసుకోని నేలకేసి కొట్టుంటాడు, నేను కూడా నోరు చేసుకోనుంటా, ఇద్దరం సల్లబడుంటాం. ముప్పైయేండ్ల కాపురం అట్లనే గడిచె. నీ మాదిరి మాట్లాడకుండా సంపేటోన్ని ఈ ఇంట్లో నేను సూడలేదు.

పొద్దున్నే మీ నాయినతో ఏమంటివి? ఆయప్ప నాకు చెప్పకుండా ఉంటాడనుకున్యావా? సదువు సాలిస్తాండా, రేపు కడపకు పోయి మిలిట్రీలో పేరు రాయించుకుంటా అంటివంట. ఆ మాట చెప్పి ఆయప్ప తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకోని చేనికాడికి పోయినాడు. ఇంగా రాలేదు.

యాభైరెండు సీసాల నీళ్లు చెడిపోతే మనిషి పోయి తుపాకి పట్టుకోవాల్నా? ఇదెక్కడి న్యాయమప్పా?

సరే, నేను తప్పు చేసినా అనుకో. ఏం తప్పు చేసినానో చెప్పు. నువ్వు చెప్పిన పనే గదా చేసినా! నువ్వు చెప్పింది చెప్పినట్లు చేసినా!

గ్యాపకం లేదా నీకు? నాకుండాది. ఈస్టరు పండగ అయిపోయిన వారానికి అనుకుంటా. జపానోడు బాంబులేస్తాడని చెన్నపట్నమంతా మూటాముల్లె సర్దుకోని రైళ్లెక్కె. ఎవురెవురో బిందెలు తెచ్చుకునిరి, కుట్టుమిషన్లు తెచ్చుకునిరి, ఒకామె రోలు కూడా తెచ్చుకున్యాదంట. నువ్వేం తెచ్చినావు? మూడు చెక్కపెట్టెలు. కమలాపురం టేసన్లో మీ నాయిన ఆ బరువు సూసి, మావోడు పట్నం నుంచి ఏందో గట్టిదే తెచ్చినాడని మురిసిపోయి, మనిషి సాయం కూడా అడక్కుండా బండికెక్కించినాడు. నాలుగు దినాలు నడుం పట్టుకోని మూలిగినాడు ఆయప్ప.

ఇంటికొచ్చి మూత తీస్తిమి. గడ్డిలో సీసాలు. సీసాల్లో నీళ్లు.

ఏం నీళ్లురా ఇవి అంటే, సముద్రం నీళ్లు అంటివి!

ఆ పక్కింటి గురమ్మ గడపలో నిలబడి నవ్విన నవ్వు నేను సచ్చేదాకా మర్సిపోను. "మనం కడవెడు నీళ్లకు యేటిదాకా నడుస్తాంటే, బాలస్వామి కొడుకు రైల్లో నీళ్లు తెచ్చినాడు సూడండే, అవీ నోట్లో పోసుకునేదానికి పనికిరానివి" అని పేటంతా టముకేసె. నేనూరుకుంటినా? "నీ కొడుకు రైలు కూత కూడా దూరం నుంచి ఇన్నోడు, ముందు వాన్ని టేసను దాకా తోలుకోనిపో" అంటిని. నెల దినాలు మాకు మాటల్లేవు. ఎవురికోసం? నీకోసమే గదా.

నాక్కూడా అర్థం కాలేదులే, ఒప్పుకుంటా. సముద్రంలో ఉప్పుండాదని కనుక్కునేదానికి పట్నందాకా పోయి ఇంత సదువు సదవాల్నా అని నేనే అడిగితిని. నువ్వు కోపం సేసుకోలేదు. నవ్వినావు. ఈడనే, ఈ అరుగుమింద కూసోని చెప్పినావు. ఉప్పుండాదని అందరికీ తెలుసమ్మా, ఎంతుండాది, ఎప్పుడెంతుండాది అనేదే నా సదువు అంటివి. సముద్రం సంవత్సరమంతా ఒకే మాదిరి ఉండదంట. వానలు పడి యేర్లన్నీ పోయి కలిస్తే ఒక మాదిరంట, ఎండకు కాగితే ఒక మాదిరంట. ఆ మార్పును అనుకోని చెప్పడం కాదు, కొలిచి చూపియ్యాల అంటివి.

నువ్వట్ల చెప్తాంటే నాకు సగం తెలిసె, సగం తెలీకపాయె. నీ మొగం సూసుకుంటా కూసున్యా. బల్లకాడ నిలబడి వాక్యం చెప్పే అయ్యగారికి కూడా అంత వెలుగు ఉండదు మొగంలో.

వారానికొక దినం, తెల్లారకముందే, చేపలోళ్ల తెప్పెక్కి అలలు దాటిపోయి ఒక సీసా నింపుకోనొస్తాండానంటివి. ఒక సంవత్సరం. వారానికొక సీసా. పరీక్ష చేద్దామంటే దానికి కావాల్సిన వెండి మందు తెల్లోళ్ల సీమ నుంచి రావాల, యుద్ధంలో ఓడలు రాలేదు, అందుకని నీళ్లు నీళ్లుగానే పెట్టుకున్యానంటివి. మళ్లా పోయి పట్టుకోరాదా అంటే, సముద్రం ఒడ్డునంతా మిలిట్రీవోళ్లు ముండ్లకంచె ఏసినారు, కాలు పెట్టనీరు, పెట్టనిచ్చినా పోయిన సంవత్సరం తిరిగి రాదు గదమ్మా అంటివి.

ఇవన్నీ నేను మర్సిపోయినాననుకున్యావా? ఒక్కొక్క మాట పట్టుకోనుండా.

అప్పుడేం చేసినావు? ఒక్కొక్క సీసా మెడకు, నీళ్లు యాడికుండాయో ఆడికి సరిగ్గా తెల్లదారం కట్టినావు. నన్ను పిలిచినావు. "అమ్మా, వెండి మందు కోసం బెంగుళూరుకు పోయొస్తా. వచ్చేదాకా నీళ్లు ఈ దారం కాడనే ఉండాల. ఒక్క చుక్క తగ్గినా నా సదువు పోయినట్లే." అంటివా, లేదా? నా మొగం సూసి చెప్పు.

తెరవద్దని చెప్పినావా? బిరడా ముట్టుకోవద్దని చెప్పినావా? లేదు. దారం కాడ ఉండాల అంటివి, నేను ఉంచినా.

చెప్పకపోయినా తెలియాల్నా! ఎట్ల తెలుస్తుంది నాకు? నేను సదివింది ఆ బైబులమ్మ నేర్పిన అచ్చరాల కాడికి. నీ సదువుకు అడ్డుపడేంత తెలివి ఉంటే ఈ పేటలో నాటేసుకుంటా ఏంటికి ఉంటా?

నువ్వు బండెక్కి పోతివి. ఆ మందు చేతికొచ్చేదానికి నీకు రెండు నెలల పైన పట్టె. మొదటి వారం బాగనే ఉండె. రోజూ పొద్దున ప్రార్థన అయినాంక పెట్టెల కాడ కూసోని ఒక్కొక్క దారం సూసేదాన్ని. రెండో ఆదివారం గుడి నుంచి వచ్చి సూస్తి గదా. నీళ్లు దారానికి కిందుండాయి! ఒకదానికి గోరంత, ఒకదానికి అర్ధాంగుళం. అన్నిటికీ తగ్గినాయి.

మొదట గురమ్మ మింద అనుమానమొచ్చె. ఇంట్లోకి దూరి ఒంచుకోని పోయిందేమో అని. తర్వాత సూస్తే, నువ్వు బిరడాల మింద పోసిన ఎర్రలక్క కరిగి కారిపోయింది. బిరడాలు ఎండి సన్నబడినాయి. ఈ ఎండల్లో మనుషులమే ఎండిపోతిమి, సీసాలెంత?

తడి గోనెపట్టలు కప్పినా. పెట్టెలు లోపలింట్లోకి మార్చినా. ధాన్యం గాదె కిందికి తోసినా. ఏం చేసినా తగ్గుతాండాది. ఒక్క చుక్క తగ్గినా నా సదువు పోయినట్లే అంటివే, ఆ మాటే చెవుల్లో మోగుతాండె. నిద్రల్లో కూడా దారాలే కనపడుతుండె. మోకాళ్లేసుకోని ఏడ్చినా లేవీ. దేవా, నా బిడ్డ సదువు నా చేతిలో పెట్టిపోయినాడు, ఎండకు ఇచ్చేస్తాండానే అని.

ఆ ఏడుపులోనే తోచింది. తగ్గింది పోస్తే సరిపాయె గదా!

నవ్వుతావా, నవ్వు. నీ చిన్నప్పటి ఉగ్గుగిన్నె ఉండె గదా, ముక్కు ఉండే ఇత్తడిది, దాన్ని తోమి తోమి కడిగినా. ఒక్కొక్క బిరడా మెల్లగా ఊడదీసి, చుక్క చుక్క పోసి, సరిగ్గా దారం కాడికి తెచ్చినా. క్రిస్మసుకు గుళ్లో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అడుక్కోనొచ్చి, కరిగించి, మళ్లా మూతికి పోసినా. నీ లక్క మాదిరి ఎర్రగా లేదులే. అదే గదా నిన్న సూసి కనుక్కుంటివి.

ఒకసారా? వారానికి రెండుసార్లు. రెండు నెలలు. ఈ చేతివేళ్లు సూడు, మైనం కాలి ఎట్లుండాయో. ఒక్క సీసా పగలలేదు. ఒక్క దారం జరగలేదు. నువ్వొచ్చి సూసి మా యమ్మ ఎంత భద్రంగా పెట్టింది అంటావనుకున్యా. నేనే అని గట్టిగా ఏంటికి చెప్తి అనుకున్యావు? అందుకే చెప్తి.

ఆఁ? ఏమంటివి?

అబ్బ, నోరు తెరిస్తివా! ఏం నీళ్లా? ఏం నీళ్లు అంటే ఏమప్పా?

ఓహో! పేట బాయి నీళ్లు పోసినాననుకున్యావా? అందుకా నిన్నట్నుంచి ఆ మొగం? ఏం మనిషివిరా! కందిబ్యాళ్లు కూడా ఉడకని ఆ సవుడు నీళ్లు తీసుకపోయి నీ సదువులో పోస్తానా నేను? నన్నెంత తక్కువ చేసినావప్పా!

యేటి నీళ్లు పోసినా. చెలమ నీళ్లు. ఊరి మంచినీళ్ల బాయికాడికి మనల్ని రానియ్యరు, నీకు తెలీంది కాదు. తెల్లారకముందే లేసి, యేట్లో ఇసక మోకాలి లోతు తవ్వి, నీళ్లు ఊరేదాకా కూసోని, తేటనీళ్లు ఊరినాంక చిప్పతో తోడుకోని, గుడ్డలో వడబోసి కడవలో తెచ్చినా. ఈ యేడు యేరు ఎట్లెండిపోయిందో తెలుసా నీకు? పొద్దున్నుంచి కూసుంటే అరకడవ రావడం కష్టం.

ఆ అరకడవలో ముందు నీ సీసాలకు తీసి పెట్టినా. మిగిలింది మీ నాయినకు ఒక ముంత. నేను ఎండాకాలమంతా బాయి నీళ్లే తాగినా. కడుపు ఉబ్బరమొచ్చె, పోయె. దానికేముందిలే. మీ నాయిన ఒకసారి అరిసినాడు, ఇంట్లో మనిషి కంటే సీసాలు ఎక్కువైనాయా అని. ఎక్కువే అంటిని.

ఏమట్ల సూస్తాండావు? లేసి నిలబడితివేంటికి?

మెల్లగా చెప్పు, మెల్లగా. నాకర్థమయ్యేటట్ల చెప్పు. ఎండకు పోయేది ఒట్టి నీళ్లేనా? ఉప్పు పోదా? ఉప్పు ఆ సీసాలోనే ఉంటాదా? మరి పోయినంత మంచినీళ్లు పోసి దారం కాడికి తెస్తే...

మొదట ఎట్లుండెనో అట్లనే అవుతుందా? నిజమా? ఒట్టేసి... వద్దులే, ఒట్టెయ్యకూడదు. నిజమేనా నాయినా?

అయ్యో దేవా! మరి నిన్ననే ఈ మాట అడిగుంటే సరిపాయె గదరా! బాయి నీళ్లు పోసుంటే దాంట్లో ఉండే ఉప్పూ సవుడూ కలిసి పాడయ్యేటివి, యేటి నీళ్లు కాబట్టి బతికిపాయె అంటావు. చెలమ నీళ్లల్లో కూడా కొంచెం ఉంటాదా? ఒక సీసాలో పట్టుకోనిపోయి దాన్నీ పరీక్ష చేసి, అంత లెక్కలో తీసేస్తావా? పట్టుకోని పో, రేపు తెస్తా. ఇంకో చెలమ తవ్వుతా, నీకు ఎన్ని సీసాలు కావాల్నో చెప్పు.

వదల్రా, నా చేతులు మైనానికి కాలి మండుతాండాయి! ఇంత పెద్ద మీసాలొచ్చినోడివి, చిన్నపిల్లోని మాదిరి ఎగురుతాండావు. గురమ్మ సూస్తాది. సూడనీలే, సూసి సావనీ.

మిలిట్రీకి పోవు గదా? ఆ మాట ఇంగ అనవు గదా? మీ నాయిన రానీ, చెప్తాం.

ఏం తీస్తాండావు? కాగితమా? మద్రాసులో నీకు సదువు చెప్పే అయివారికి జాబా? ఇప్పుడేనా? సాయంత్రం రాసుకోరాదూ. ముందు ఇంత సంగటి తిను, ఊరుమిండి నూరినా. తర్వాత రాస్తువులే. టపా రేపటిదాకా పోదు గదా.

సరే రాయి.

ఏమీ లేదు. ఊరికే కూసున్యా. మాట్లాడకపోతే మాట్లాడలేదంటావు, మాట్లాడితే రాయనియ్యదంటావు.

నాకు సదివి ఇనిపిస్తావా? ఇంగిలీసు నాకేం తెలుస్తుంది? తెలుగులో చెప్తావా, చెప్పు.

ఊఁ... ఎండకు తగ్గింది ఒట్టి నీళ్లే... ఊఁ... మా యమ్మ పోసింది యేటి మంచినీళ్లే... నన్ను కూడా రాసినావా? విశ్వాసమ్మ అని పేరు కూడా రాసినావా? అయ్యో, నా పేరేంటికి రాస్తివప్పా అంత పెద్దాయనకు... ఊఁ... అందుకని ఈ సీసాల్లో ఉండే ఉప్పు సముద్రం నుంచి వచ్చిన ఉప్పే, దానికి నేను జామీను.

నేను జామీను అంటే, నువ్వా? నీ పేరు మిందనా? కింద సంతకం కూడా చేసినావా?

ఆ కాగితం ఇట్ల ఇయ్యి.

ఇయ్యి అంటాండా గదా. చించనులే. పక్కన పెడతా.

లేవీ, కోపం సేసుకోవద్దు. కోపం సేసుకో, సేసుకుంటే సేసుకో. కానీ మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు. అది నేను తట్టుకోలేను.

నేను చెప్పకుండా ఉందామనే అనుకున్యా. నువ్వు లేసి నవ్వినావే, అప్పుడనుకున్యా, ఇంగ నోరు మెదపకూడదు అని. చెప్పకపోతే ఎవురికి తెలుస్తుంది? పిల్లోడు మద్రాసుకు పోతాడు, పరీక్ష అవుతుంది, మిలిట్రీ తప్పుతుంది. అంతకంటే ఏం కావాల నాకు? కానీ సంతకం చేసి జామీను అని రాస్తివే, అది నేను పోనియ్యలేను. నా బిడ్డ చేత నేను అబద్ధ సాక్ష్యం చెప్పిస్తానా?

ఇను. మంచినీళ్లు పోస్తి గదా. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పోస్తి. ఎండకు పోయేది ఒట్టి నీళ్లేనని నాకెవురు చెప్పినారు? అది కూడా ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసె. నాకేం తోచిందంటే, ఇన్నిసార్లు మంచినీళ్లు పోస్తాండానే, సప్పబడిపోతుందేమో అని. మీ అయివారు నోట్లో పోసుకోని, ఏమప్పా లేవీ, ఇది సముద్రమేనా అని నలుగురిలో అడిగితే నువ్వేం చెప్తావని.

పులుసులో ఇన్ని నీళ్లు పోసినాంక రుచి సూడకుండా దించేస్తామా? చెయ్యి ఊరుకోలేదు నాయినా.

వేలు ముంచి నాలిక మింద రాసుకున్యా. ఈ జన్మలో సముద్రం సూడనిదాన్ని, మొదటిసారి రుచి సూస్తి. ఒళ్లు జలదరించె. బలే ఉప్పు! సరే ఇది బాగుండాది అనుకోని, ఇంకోటి సూస్తి. అదీ బాగుండాది. మొదటి పెట్టె అంతా బాగుండాది.

రెండో పెట్టెకొచ్చేసరికి, సప్పగా తగిలె. ఒకటి సప్పగుండె, దాని పక్కది ఇంకా సప్పగుండె. ఎందుకట్లుండాయో నాకేం తెలుసు? నేనే ఆ పెట్టెలోవాటికి నీళ్లు ఎక్కువ పోసినా, నా చేతులారా సెరిపేసినా అనుకున్యా.

ఉప్పు ఏసినా లేవీ.

కొంచెమే. రెండు వేళ్ల మధ్య పట్టుకునేంత. ఇంటి కల్లుప్పే, దంచి, మెత్తగా చేసి. అది మాత్రం యాడిది? సముద్రానిదే గదా. దానిది దానికే ఇస్తాండా, నాదేం కాదు గదా అనుకున్యా. ఒక చిటికెడు ఏసి, ఊపి, రుచి సూసి, సాలకపోతే ఇంకొంచెం ఏసి.

అన్నిటికీ కాదు, సప్పగుండే వాటికే. ఎన్నా? పదో, పన్నెండో ఉంటాయి. యాడివంటే ఏం చెప్పేది, రెండో పెట్టెలో వరసగా, ఒకదాని పక్కన ఒకటి. ముందువీ బాగుండె, తర్వాతవీ బాగుండె, నడుమ ఆ వరస మటుకే సప్పగుండె.

ఏంది, వానాకాలందా? ఆ సీసాలన్నీ వానలప్పుడు పట్టినవా? యేర్ల నీళ్లు కలిసి సముద్రమే సప్పబడిందా?

నువ్వు సంవత్సరమంతా సూడాలనుకున్యది అదేనా?

నేను సూసినా నాయినా. నా నాలిక సూసింది. కానీ ఇప్పుడది లేదు. యాభైరెండు సీసాలూ ఒకే రుచికి తెచ్చినా.